రెండు అక్టోబర్ 30లు

శ్రీలంక తమిళుల కోసం పరదేశం నుంచి ఏళ్ల తరబడి గొంతెత్తిన కాథలిక్ మతగురువు ఫాదర్ ఎస్.జె. ఇమ్మాన్యుయేల్. తమిళ పులులు ఉత్తర శ్రీలంక ముస్లిములను వెళ్లగొట్టిన చరిత్ర తెలిసినవారు, ఈ పత్రికకు ఆయనతో ఏమి పని అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

ఆయన ప్రధానంగా అధ్యాపకుడు. దైవశాస్త్రం బోధించారు; జాఫ్నా సెమినరీకి అధిపతిగా యువ గురువులను తీర్చిదిద్దారు. ఆ మేత్రాసనానికి వికార్ జనరల్‌గా బిషప్ తరఫున పాలన చూశారు. యుద్ధకాలంలో అది బల్ల ముందు కూర్చుని చేసే కొలువు కాదు. 1995 జూలై 9న నవాలి చర్చిలోనూ చుట్టుపక్కలా తలదాచుకున్న జనంపై వైమానిక దళం బాంబులు కురిపించగా వందమందికి పైగా పౌరులు మరణించారు. అదే ఏడు అక్టోబర్ 30న సైన్యం ముంచుకొస్తుండగా, పులుల ఆదేశంపై జాఫ్నా ఖాళీ అయింది. లక్షల మంది పసిబిడ్డలతో, వృద్ధులతో వానలో కాలినడకన సాగారు. అనంతరం ఫాదర్ జర్మనీలో ప్రవాస జీవితం గడిపారు. ప్రపంచ తమిళ వేదికకు అధ్యక్షత వహించారు. 2014లో శ్రీలంక ప్రభుత్వం ఆయన పేరును, ఆ వేదిక పేరును ఉగ్రవాద జాబితాకెక్కించింది. మరుసటి సంవత్సరం కొత్త ప్రభుత్వం వేదికపై నిషేధాన్ని తొలగించింది. అంటే ఆ ముద్ర వెనుక ఉన్నది నేరమా, రాజకీయమా అన్నది పాఠకులే ఊహించగలరు.

ఇక రెండవ తేదీ. సరిగ్గా అయిదేళ్ల ముందు, 1990 అక్టోబర్ 30న, అదే జాఫ్నాలో పులులు ముస్లిములను మైదానానికి పిలిపించి రెండు గంటల్లో ఊరు విడవమన్నారు. నగలు, ఇంటి పత్రాలు సైతం దారిలో లాక్కున్నారు. ఉత్తరాది జిల్లాలన్నింటా కలిపి నిర్వాసితులైనవారు డెబ్బై వేలకు పైమాటే. వారి మాతృభాషా తమిళమే! అత్యధికులు పుత్తలం శిబిరాలకు చేరారు. అక్కడే ఒక తరం పెరిగి పెద్దదయింది. 2002లో పులుల ప్రతినిధి ఆంటన్ బాలసింగం క్షమాపణ చెప్పారు. యుద్ధం 2009లో ముగిశాక తిరిగి వెళ్లినవారికి ఎదురైనవి కూలిన గోడలు, తుప్పలు మొలిచిన పెరళ్లు, పరుల స్వాధీనంలోని భూములు.

ఒక మతగురువు ప్రవాసాన్ని గౌరవించడానికి మేము ఈ తేదీని మరువనక్కరలేదు. ఈ తేదీని తలచినంత మాత్రాన నవాలి మృతులు మాకు పరాయివారూ కారు. పీడితుల పక్షాన నిలిచిన ఉద్యమమే తనకంటె చిన్న సమూహాన్ని వీధిన పడవేయగలదని జాఫ్నా చూపింది. అల్పసంఖ్యాకుల పత్రికగా మాకిది ఊరట కలిగించే సంగతి కాదు. అందుచేతనే జెనీవా మానవ హక్కుల మండలి ఎదుట తమిళుల న్యాయం కోసం నిలుస్తున్న సంస్థలన్నీ 1990 నాటి బహిష్కరణనూ, పుత్తలం కుటుంబాల భూముల వ్యవహారాన్నీ తమ వినతిపత్రాల్లో చేర్చాలని మేము కోరుతున్నాము.