చెవి దగ్గర పెట్టాల్సిన డబ్బు

ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ తగిలించి పాటలు వింటున్నానని, శబ్దం ఇంకాస్త బాగుంటే బాగుండునని ఎవరితోనైనా అని చూడండి. తడుముకోకుండా జవాబొస్తుంది: "ముందు ఒక డాక్ కొనుక్కో." డాక్ అంటే ఫైల్‌లోని అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే సర్క్యూట్. శబ్దం చేసే ప్రతి కంప్యూటర్‌లోనూ ఏదో ఒక రూపంలో అది ఉంటుంది. ఉన్నా పనికిరాదట, బయట వేరే డబ్బా కావాలట. ఆ డబ్బా వచ్చాక దానికి జోడీగా యాంప్లిఫయర్, తర్వాత వెండి పూత తీగ, ఆ పైన "శుద్ధమైన" కరెంటు కోసం మరో పెట్టె. ఐదారు వేలతో మొదలైన మెట్లు లక్ష దాటినా ఆగవు. ఎక్కిన ప్రతి మెట్టు మీదా వినిపించే పొగడ్త మాత్రం ఒక్కటే: "తెర తొలగినట్టుంది." ఇన్ని తెరలు ఇంతకాలం ఎక్కడ వేలాడాయో నాకు బోధపడదు.

ఈ సలహా వరసే తలకిందులని నా వాదన. డబ్బున్నవాడికి ఇది సరదా ఖర్చు, పోనిద్దాం. చేతిలో నాలుగైదు వేలు మాత్రమే ఉన్న విద్యార్థికి మాత్రం అన్యాయం. ఉన్న కాస్త డబ్బునూ తేడా పుట్టని చోట పెట్టిస్తుంది.

అంకెల్ని తరంగంగా మార్చే పని ఎప్పుడో తెగిన లెక్క. 1982లో జపాన్‌లో తొలి సీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చినప్పుడే కొలత స్థిరపడింది: 16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాలు. ఆ వేగం 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న స్వరాలన్నిటినీ ఏమీ జారవిడవకుండా పట్టుకుంటుంది. మనిషి చెవి కుర్రతనంలోనే 20 దగ్గర ఆగిపోతుంది. నడివయసులో 15 వినపడితే సంతోషించాలి. ఇక 16 బిట్లు ఇచ్చే లోతు 96 డెసిబెల్స్. నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ, పక్కింట్లో కుక్కర్ కూస్తూ ఉండే గదిలో కూర్చుని ఆ లోతు అడుగున ఏముందో విన్నానంటే నేను నమ్మను.

ఆపిల్ వాళ్లు ఫోన్లో హెడ్‌ఫోన్ జాక్ తీసేసి, ఆ పాపానికి పరిహారంగా అమెరికాలో 9 డాలర్లకు ఒక చిన్న యూఎస్‌బీ డాంగుల్ అమ్ముతున్నారు. డాక్, యాంప్ రెండూ ఆ బుల్లి తోకలోనే ఉన్నాయి. పరికరాలతో కొలిస్తే దాని రొద, వక్రీకరణ రెండూ కలిపినా అసలు సంకేతంలో సుమారు లక్షో వంతు. అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన డబ్బా దాన్ని పది లక్షల్లో ఒక వంతుకు దించుతుంది. దించుతుంది, కాదనను. వినపడనిదాన్ని ఇంకా వినపడకుండా చేయడానికి అంత ఖర్చు.

మాటలెందుకు, పరీక్షలే చూద్దాం. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. సీడీని మించిన వివరం ఉందని అమ్మే డిస్కులను ఒకసారి నేరుగా, ఒకసారి 16 బిట్ల ఇరుకు సందులోంచి నడిపించి వినిపించారు. ఏది ఏదో వినేవాళ్లకు తెలియదు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరైన జవాబొచ్చింది. బొమ్మా బొరుసూ వేసినా ఇంతే వస్తుంది. ఎదుటి పక్షానికీ ఒక సాక్ష్యం ఉంది, దాచను. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 2016లో ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టాడు. నూటికి 52.3 వచ్చింది, బాగా శిక్షణ పొందినవాళ్లు అంతకంటే గణనీయంగా మెరుగ్గా చెప్పగలిగారు. తేడా సున్నా కాదని ఒప్పుకుందాం. కానీ యాభై ఉండాల్సిన చోట యాభై రెండు చిల్లర రావడాన్ని తెర తొలగడం అంటారా?

మరి తేడా ఎక్కడ పుడుతుంది? హెడ్‌ఫోన్‌లో వణికే పలచని పొరలోనూ, ఆ పొరకూ మీ చెవికీ మధ్యనున్న ఖాళీలోనూ. సరిగ్గా తయారైన రెండు డాక్‌ల మధ్య వినపడే శ్రేణిలో తేడా డెసిబెల్‌లో చిన్న భిన్నం. రెండు హెడ్‌ఫోన్‌ల మధ్య కొన్ని స్వరాల దగ్గర ఐదు, పది డెసిబెల్స్ తేడా మామూలే. అంతెందుకు, ఒకే హెడ్‌ఫోన్ మీ తల మీద ఒకలా, మీ తమ్ముడి తల మీద ఇంకోలా మోగుతుంది. చెవి మొత్తాన్నీ మూసే రకమైతే కళ్లద్దాల కాడ కింద మిగిలే సన్నని సందు చాలు, బేస్ అంతా అందులోంచి జారిపోతుంది. చెవి లోపలికి దూర్చుకునే రకానికి రబ్బరు టిప్ సైజు కుదరకపోతే తబలా కాస్తా తాటాకు చప్పుడవుతుంది. అలా టిప్ కుదరని మనిషి వెళ్లి పదివేల డాక్ కొంటాడు, పెట్టెలో ఊరికే పడి ఉన్న పెద్ద టిప్ మార్చి చూడడు. మన ఉక్కపోతకు, చెమటకు రెక్సిన్ కుషన్లు పొరలు పొరలుగా లేచిపోతాయి. అవి అణిగి, చిరిగిన కొద్దీ శబ్దం మారుతుంది. కొత్త కుషన్ల జత కొంటే తిరిగొచ్చేదాన్ని "నా పాత హెడ్‌ఫోన్ అరిగిపోయింది" అని పారేస్తున్నవాళ్లు ఎందరో.

అయితే ఖరీదైన హెడ్‌ఫోన్ కొనాలన్నమాట అంటారేమో. అదీ కాదు. 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్‌ల కొలతలు ముందేసుకుని చూస్తే ధరకూ, అవి స్వరాలను పలికే తీరుకూ పొంతన కనపడలేదు. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో అనే చవక హెడ్‌ఫోన్ అదే వాలకంతో ఇవాళ్టికీ అమ్ముడుపోతోంది. చైనా నుంచి వచ్చే రెండు మూడు వేల ఇయర్‌ఫోన్‌లలో కొన్ని, ఒకప్పుడు పాతికవేలు పెడితేగాని దొరకని సమతూకంతో పలుకుతున్నాయి. ఎక్కువ డబ్బుకు మంచి కట్టుబడి, మన్నిక, అందం రావచ్చు. శబ్దం దానితో పాటు వస్తుందన్న హామీ లేదు.

అసలు ఉచితంగా దొరికే మందునే జనం ముట్టుకోరు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో, లినక్స్‌లో ఈజీ ఎఫెక్ట్స్ పైసా అడగవు. హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం ఎక్కువమంది శ్రోతలకు ఎలాంటి స్వర సమతూకం నచ్చుతుందో ఏళ్లపాటు పరీక్షించి ఒక లక్ష్య రేఖ గీసింది. ఆటోఈక్యూ అనే ప్రాజెక్టు వేలాది మోడళ్ల కొలతలను అలాంటి రేఖలతో పోల్చి, ఎక్కడ ఎంత తగ్గించాలో, ఎక్కడ పెంచాలో లెక్కగట్టి పెట్టింది. మీ మోడల్ పేరు వెతికి ఆ అంకెలు దించుకోవడమే. పెంచిన మేరకు ప్రీయాంప్ (మొత్తం మోత) తగ్గించడం మరవకూడదు, లేదంటే శబ్దం చీలుతుంది. ఇంత చెప్పినా "ఈక్వలైజర్ పెడితే శబ్దం కల్తీ అవుతుంది" అంటారు. ఇదో రకం మడి. స్టూడియోలో ఇంజినీరు ఆ పాట మీద డజను ఈక్వలైజర్లు తిప్పాకే అది మీ దాకా వచ్చింది.

డబ్బా అవసరమయ్యే సందర్భాలు లేవా? ఉన్నాయి, మూడే. మొదటిది రొద. డెస్క్‌టాప్ ముందువైపు జాక్‌కు వచ్చే తీగ క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పాకుతూ వస్తుంది. మౌస్ కదిపినప్పుడల్లా చిరచిర వినపడితే అదే కారణం. మొదట వెనకవైపు జాక్‌లో పెట్టి చూడండి. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే గుయ్యిమంటే, పెరికితే పోతే, అక్కడ కారణం చార్జరే. ఈ రొదలు తగ్గకపోతే వెయ్యి, రెండు వేల డాంగుల్ పట్టుకొచ్చి చూడండి; చాలాసార్లు దానితోనే పోతాయి. రెండోది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే జాక్ వైపు నుంచి కరెంటుకు ఎదురయ్యే అడ్డు. జాక్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటితే, ముఖ్యంగా నాలుగైదు డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) కుక్కిన ఇయర్‌ఫోన్‌లలో, స్వరాల తూకం తప్పవచ్చు. మంచి డాంగుళ్లలో ఇది చాలా తక్కువ కాబట్టి ఇక్కడా అదే విరుగుడు. మూడోది గొంతు చాలకపోవడం. దీని మీదే ఎక్కువ భయపెడతారు.

భయపెట్టే పేరు సెన్‌హైజర్ హెచ్‌డీ 600. ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు, "యాంప్ లేకుండా ముట్టుకోవద్దు" అంటారు. లెక్క చూడండి. ఒక వోల్టుకు అది 97 డెసిబెల్స్ మోగుతుందని కంపెనీయే చెబుతోంది. ఆ 9 డాలర్ల డాంగుల్ ఇచ్చేది ఒక వోల్టు. (ఐరోపాలో అమ్మే రకంలో అందులో సగమే.) పాటలో ఉచ్చస్థాయి 97 అయితే సగటు ఎనభై చుట్టుపక్కల ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు 80 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలు. దానికి మించి గొంతు కావాలనేవాడికి యాంప్ కాదు, చెవి డాక్టరు కావాలి. మెల్లగా రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతం వినేవాళ్లకు, హైఫైమాన్ హెచ్‌ఈ-6 లాంటి మొండి హెడ్‌ఫోన్‌లు ఉన్నవాళ్లకు యాంప్ అవసరమే. అలాంటిది కొనేవాడు బడ్జెట్ సలహా కోసం ఈ వ్యాసం చదవడు.

కొన్ని జబ్బులకు ఏ డబ్బా మందు కాదు. 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి క్యాసెట్‌కు, దాన్నుంచి ఎంపీ3కి, అక్కణ్నుంచి యూట్యూబ్‌కు ఎక్కిన ఘంటసాల పాటలో పోయింది పోయినట్టే. 2008లో మెటాలికా అనే రాక్ బృందం "డెత్ మాగ్నెటిక్" సీడీని ఎంత గట్టిగా నొక్కి తయారుచేశారంటే, అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో మెరుగ్గా ఉన్నాయని అభిమానులే గోల పెట్టారు. అక్కడ డాక్ ఏం చేస్తుంది? బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఆఫీసు మీటింగ్‌లో చేరగానే శబ్దం పాత టెలిఫోన్‌లా మారుతుందని ఫిర్యాదు చేసేవాళ్లకు చెప్పేది కూడా ఇదే: హెడ్‌సెట్ మైక్ తెరుచుకోగానే అది ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగిపోతుంది. ల్యాప్‌టాప్ మైక్‌ను ఎంచుకుంటే చాలు.

ఇదంతా కొత్త సంగతి కాదు. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక అజ్ఞాత ఇంజినీరు 2011లో, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడిచే ఆబ్జెక్టివ్2 అనే యాంప్ డిజైన్‌ను ఉచితంగా బయటపెట్టాడు. వాడినవి మామూలు చిప్‌లు. ప్రతి కొలతా ప్రచురించి, వందల డాలర్ల యాంప్‌లను మీ కొలతలేవని నిలదీశాడు. 2012లో ఉన్నట్టుండి మాయమయ్యాడు. ఎవరో ఇప్పటికీ తెలియదు. చవకగా, పారదర్శకంగా చేయవచ్చని అప్పుడే రుజువైతే ఈ నమ్మకం ఎందుకు చావలేదు? డాంగుల్ అమ్మితే దుకాణదారుకు మిగిలేది ఎంత? సమీక్ష రాసేవాడికి "మొన్నటిదానిలాగే ఉంది" అని రాసే వీలెక్కడిది? పైగా రెండు డబ్బాల్లో ఒకటి అర డెసిబెల్ ఎక్కువ మోగితే మన మెదడు దాన్ని మోతగా లెక్కపెట్టదు, స్పష్టత అనుకుంటుంది.

"నా చెవులతో నేను విన్నాను" అనేవాళ్లతో నాకు తగువు లేదు. విన్నది నిజమో కాదో ఒక ఆదివారం మధ్యాహ్నంలో తేలిపోతుంది. 100 హెర్ట్జ్ స్వరం వాయించి, మల్టీమీటర్‌తో రెండు డబ్బాల వోల్టేజీ సమానం చేయండి. స్నేహితుణ్ని కూర్చోబెట్టి, ఏది ఎప్పుడు తగిలించాలో నాణెం ఎగరేసి నిర్ణయించమనండి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే ఖరీదైనది ఉంచుకోండి. గుడ్డిగా ఊహించేవాడికి అంత కుదిరే అవకాశం నూటికి నాలుగు లోపే. వినేవాడి కంట మాత్రం డబ్బా పడకూడదు. ఎంత పెట్టి కొన్నారో స్నేహితుడికి తెలిసినా, ఆ సంగతి అతని ముఖంలో కనపడకూడదు.