స్కానర్ చెప్పేది సగమే.. కాయిల్ కొనేముందు ఈ పరీక్ష చేయండి

పాత పెట్రోల్ కారు వణుకుతూ చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే, ఇప్పుడు చాలామంది ముందు చేసే పని బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో కోడ్ చూడటం. మంచిదే. కానీ పీ0302 కనిపించగానే కొత్త ఇగ్నిషన్ కాయిల్ ఆర్డర్ పెట్టేయడం మాత్రం తొందరపాటే అంటాను.

ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని. తప్పు కాయిల్‌దా, స్పార్క్ ప్లగ్‌దా, ఇంజెక్టర్‌దా, కంప్రెషన్‌దా అన్నది అది చెప్పదు. పీ0352 వస్తే కాయిల్ మీద అనుమానం బలపడుతుంది, అప్పుడు కూడా వైరింగ్, కనెక్టర్ చూడాల్సిందే.

అసలు పరీక్షకు పైసా ఖర్చు లేదు. ప్రతి ప్లగ్‌కూ విడి కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ ఆపి, చల్లారాక, రెండో కాయిల్‌నూ మూడోదాన్నీ అటూఇటూ మార్చండి. కోడ్ చెరిపి కాస్త దూరం నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిలే దొంగ. మళ్లీ పీ0302 అంటే కాయిల్ బాగానే ఉన్నట్టు, ప్లగ్ దగ్గర నుంచి వెతకండి. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే పాత మోడళ్లలో మాత్రం ఈ చిట్కా కుదరదు.

లైట్ బ్లింక్ అవుతుంటే నడిపి చూడొద్దు, బండి ఆపి మెకానిక్‌ని పిలవండి. మండని పెట్రోల్ కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏపాటిది?

స్కానర్ కొనాలా అంటే కొనండనే చెబుతాను. ఏ సిలిండర్ దగ్గర మొదలుపెట్టాలో అది చూపిస్తుంది. మిగతా పని మన చేతుల్లోనే ఉంది.