ఒక్క అక్షరం మారితే ఎవరి పాపం?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న మన సంఘాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. పాపం చేసింది వీడా, వీడిని కన్నవాళ్లా అన్నది వారి సందేహం (యోహాను 9). యేసుప్రభువు ఆ రెండూ కాదన్నాడు. అయినా పసిబిడ్డ మాటిమాటికీ జబ్బుపడితే బంధువులు, ఇరుగుపొరుగువారు, కొన్నిచోట్ల ప్రార్థన చేయడానికి వచ్చిన దైవజనులు సైతం ముందుగా వెతికేది పాపాన్నే. తాతల నాటి శాపం అంటారు, తల్లి ఒప్పుకోని పాపమేదో ఉందంటారు. ఎక్కువసార్లు ఆ నింద వచ్చి వాలేది కోడలి మీదే.

సికిల్‌సెల్ రక్తహీనత అనే జబ్బు విషయంలో ఈ నింద ఎంత అన్యాయమో చెప్పాలి. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీల్లో సేవ చేసేవారికి ఇది కొత్త కాదు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని నెలలకు చేతులు, పాదాలు వాస్తాయి, కళ్లు పచ్చబడతాయి. ఎముకలు విరిచినట్టు నొప్పి వచ్చి రాత్రంతా ఏడుస్తుంది. తగ్గిందనుకుంటే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. ఇలా వచ్చి పోయే నొప్పిని చూసి దయ్యం అనుకున్న వాళ్లున్నారు. నొప్పి తగ్గిన రోజును స్వస్థత అని ప్రకటించి, మళ్లీ వచ్చిన రోజున తల్లికి విశ్వాసం చాలలేదని తేల్చేసిన వాళ్లూ ఉన్నారు.

ఈ జబ్బు వైద్యుల కంట పడింది 1910లో. గ్రెనడా దీవి నుంచి చికాగో వచ్చి దంతవైద్యం చదువుతున్న ఒక యువకుడి రక్తంలో కొడవలిలా వంగిన కణాలున్నాయని జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు ఆ ఏడాది ప్రచురించాడు. అవి ఎందుకు వంగాయో ఆయనకు అంతుబట్టలేదు. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఆ రోగుల హీమోగ్లోబిన్ అణువే వేరుగా ఉందని చూపించి, దీన్ని అణువుకు వచ్చిన జబ్బు అన్నారు. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో దొరకడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి. ఆ అణువులో ఏం మారిందో 1956, 57లలో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ కనిపెట్టాడు. హీమోగ్లోబిన్‌లో ఒక గొలుసు ఉంది. అందులో 146 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చి ఉంటాయి. ఆరో పూస దగ్గర గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సి ఉండగా వాలైన్ ఉంది. తేడా అంతే!

అయితే ఆ పూస ఎందుకు మారింది? 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ నిర్మాణాన్ని వెల్లడించారు. (వారికి ఆధారమైన ఎక్స్‌రే చిత్రం రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలోది. 37 ఏళ్లకే కన్నుమూసిన ఆమెకు దక్కవలసిన గౌరవం బతికుండగా దక్కలేదు.) ఆ డీఎన్‌ఏ లిపిని ఎలా చదవాలో తేల్చినవారిలో మన దేశంలో పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. 1968లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ అందుకున్నారు. ఆ లిపి ప్రకారం చూస్తే, జీఏజీ అని ఉండవలసిన చోట జీటీజీ అని ఉంది. దాదాపు 300 కోట్ల అక్షరాల్లో మారింది ఒక్కటి. దానివల్ల, ఆక్సిజన్‌ను వదిలిన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా గట్టిపడతాయి, కణం వంగిపోతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. బిడ్డ అరిచేది అందుకే.

ఇక నింద సంగతి. సికిల్‌సెల్ మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. కాబట్టి మనవడి జబ్బుకు కోడలిని తిట్టే అత్తగారు ఆగి ఆలోచించాలి. అది తన కొడుకు నుంచి కూడా వచ్చింది. కొడుకుకు తన నుంచో, తన భర్త నుంచో వచ్చింది. ఇంతకూ అందులో పాపమేముంది? ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో తూర్పు ఆఫ్రికాలో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. దోమలున్న అడవుల్లో తరతరాలుగా ఎందరో పిల్లలను బతికించిన మార్పు అది. ఒక బిడ్డకు కాపుదల అయినది, రెండింతలైతే మరో బిడ్డకు నరకయాతన అవుతోంది. దీన్ని శాపం అనే ఒక్క మాటలో ఎలా ఇరికిస్తాం? దేవుడు దీన్ని ఎందుకు అనుమతించాడన్న ప్రశ్నకు మన దగ్గర సులువైన జవాబు లేదు. జవాబు లేనిచోట ఉన్నట్టు మాట్లాడటం యోబు స్నేహితులు చేసిన పని.

మూడు నాలుగు తరాల మాట బైబిల్లోనే ఉంది కదా అని కొందరు వాదిస్తారు. నిర్గమకాండంలోని ఆ మాట విగ్రహారాధనను గూర్చిన ఆజ్ఞలో భాగం, రక్తపరీక్ష రిపోర్టుకు వ్యాఖ్యానం కాదు. పైగా తండ్రుల దోషాన్ని పిల్లలకు అంటగట్టే సామెతను ఇక పలకవద్దని దేవుడే ప్రవక్త ద్వారా చెప్పాడు (యెహెజ్కేలు 18). వాక్యం తెలిసినవారు ఆ అధ్యాయాన్ని దాటవేయడం తగదు.

జీవరహస్యమంతా అణువుల్లోనే తేలిపోతే ఇక దేవునికి చోటెక్కడ అని భయపడే విశ్వాసులు ఉన్నారు. బయోటెక్నాలజీ చదివే మన పిల్లలు ఇంట్లో ఈ ప్రశ్న అడగడానికే జంకుతున్నారు. వైద్యుడికి తెలియని చోట మాత్రమే దేవుడున్నాడని అనుకుంటే, ప్రతి కొత్త పరిశోధనతో ఆ దేవుడు ఓ అడుగు వెనక్కి జరగాల్సిందే. బైబిల్ చూపించే దేవుడు అలాంటివాడు కాడు. తల్లి గర్భంలో మనిషి రూపుదిద్దుకోవడాన్ని తలచుకుని కీర్తనకారుడు ఆశ్చర్యపడ్డాడు గానీ, ఆ పని ఎలా జరుగుతుందో ఎవరూ తెలుసుకోకూడదని గోడ కట్టలేదు. మానవ జన్యుపటాన్ని సిద్ధం చేసిన అంతర్జాతీయ ప్రాజెక్టుకు సారథ్యం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఒకప్పటి నాస్తికుడు, ఆ తర్వాత క్రైస్తవుడు. ఆ అక్షరాలను చదవడం ఆయన విశ్వాసానికి అడ్డు కాలేదు.

మరి సంఘం చేయగలిగిందేమిటి? 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్ల లోపువారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం దాని లక్ష్యం. ఏజెన్సీ సంఘాల్లో ఆదివారం ఆరాధన తర్వాత ఆ పరీక్షలకు చర్చి ఆవరణ ఇస్తే పోయేదేమీ లేదు. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతాం కదా, అంతకు చాలాముందే వధూవరుల రక్తపరీక్ష సంగతి అడగవచ్చు. మేనరికాలు చేసుకునే ఇళ్లలో ఇది మరీ అవసరం. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అయితే ఆ ఫలితం ఊరంతా చాటే విషయం కాదు. వాహకురాలని తేలిన పిల్లను సంబంధాలకు పనికిరాదని పక్కన పెడితే, పాత నిందకే కొత్త పేరు పెట్టినట్టు.

మందుల మాట కూడా సూటిగా చెబుతున్నాం. హైడ్రాక్సీయూరియా అనే మందు చాలామందిలో నొప్పి దాడులను తగ్గిస్తుంది. 2023 చివరలో జన్యువును సవరించే చికిత్సకు బ్రిటన్, అమెరికాలు అనుమతిచ్చాయి గానీ, అమెరికాలో దాని ధర ఒక్కరికి 22 లక్షల డాలర్లు. మన గూడేలకు అది ఎప్పటికి చేరేను! చేరేవరకు ఉన్న మందునైనా మాన్పించకుండా ఉండాలి. కూటాల్లో మాత్రలు పారేయమని చెప్పే బోధకుడు, ఆ రాత్రి బిడ్డకు నొప్పి వస్తే ఆ ఇంట్లో ఉండడు. ఈ పిల్లలకు రోజూ ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్లను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బిడ్డ తలపై చేయి ఉంచి ప్రార్థించి, ఆ బిళ్ల వేశారా అని తల్లిని అడిగి, అయిపోతే తెచ్చిపెట్టే కాపరులు ఏజెన్సీలో ఉన్నారు. వారి పేర్లు ఏ కూటాల పోస్టర్ల మీదా కనిపించవు.