తెర వెలిగితే చాలదు.. ప్రశ్న వెలగాలి
సైన్సు బోధనలో సాంకేతికత: ఎడ్యుశాట్‌ నేర్పిన పాఠం

శ్రీహరికోట: రాకెట్‌ నింగికెగసే ప్రతిసారీ సూళ్లూరుపేటలో, పులికాట్‌ తీర గ్రామాల్లో పిల్లలు మేడలెక్కి తూర్పు దిక్కుకు చూస్తారు. మొదట నిప్పుల వెలుగు కనిపిస్తుంది. శబ్దం మాత్రం ఆలస్యంగా చేరుతుంది. ప్రయోగవేదికకు 20 కి.మీ. దూరంలో ఉన్నవారికి ఈ వ్యవధి దాదాపు ఒక నిమిషం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుందని పాఠంలో చదివిన విద్యార్థి చేతిగడియారం సాయంతో తన ఇంటికీ ప్రయోగవేదికకూ మధ్య దూరాన్ని ఇంచుమించుగా లెక్కగట్టవచ్చు. ఇంతకు మించిన ప్రయోగశాల ఏ నగర విద్యార్థికీ దొరకదు. అయితే ఈ లెక్కను తరగతి గదిలో ఎందరు పిల్లల చేత చేయిస్తున్నాం? తరగతి గదుల్లో తెరలు, ట్యాబ్‌ల వినియోగంపై చర్చ మొదలు కావలసింది ఈ ప్రశ్నతోనే.

నింగిలో విజయం.. నేలపై జాప్యం

చదువుకు సాంకేతికతను జోడించే యత్నాలు దేశానికి కొత్త కాదు. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో నిర్వహించిన 'సైట్‌' కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌ సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్‌ పాఠాలు అందాయి. ఆ తరువాత మూడు దశాబ్దాలకు, 2004 సెప్టెంబరు 20న, విద్య కోసమే రూపొందించిన దేశ తొలి ఉపగ్రహం ఎడ్యుశాట్‌ శ్రీహరికోట నుంచే నింగికెగసింది. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్‌01 వాహకనౌక 1,950 కిలోల ఆ ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో ప్రవేశపెట్టింది. మారుమూల పల్లె విద్యార్థి సైతం నిపుణుడైన అధ్యాపకుడి పాఠం విని, అక్కడికక్కడే సందేహం అడిగే రోజు వచ్చిందని అందరూ ఆశించారు.

ఇస్రో గణాంకాల ప్రకారం ఎడ్యుశాట్‌ కార్యక్రమం కింద దేశవ్యాప్తంగా 56,164 తరగతి గదులను అనుసంధానించారు. వాటిలో విద్యార్థి తిరిగి మాట్లాడేందుకు వీలున్నవి 4,943 మాత్రమే. మిగిలిన 51,221 కేంద్రాలలో పాఠం వినడమే తప్ప ప్రశ్న అడిగే మార్గం లేదు. అంటే ప్రతి పదకొండు కేంద్రాలలో ఇంచుమించు పదింట పిల్లలు శ్రోతలుగానే మిగిలిపోయారు. భూతల కేంద్రాల ఏర్పాటులో జాప్యాన్ని, పాఠ్యాంశాల కొరతను కాగ్‌ సైతం ఎత్తిచూపింది. ఏడేళ్లు పనిచేయాల్సిన ఉపగ్రహం సేవలు 2010 సెప్టెంబరులోనే ముగిశాయి. రాకెట్‌ తన పని తాను చేసింది. ఉపగ్రహమూ చాలామేరకు చేసింది. వెనుకబడింది తరగతి గదే.

మళ్లీ అదే కూడలిలో..

ఇప్పుడు పరికరం తరగతి గదిలోకే వచ్చింది. 'నాడు-నేడు' తొలిదశలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 పాఠశాలలను అభివృద్ధి చేసిన విషయం విదితమే. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. 2023లో ఆరో తరగతి, ఆపై తరగతుల గదుల్లో ఇంటరాక్టివ్‌ ఫ్లాట్‌ ప్యానెళ్లను అమర్చారు. వేలితో తాకితే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, అణువు తిరుగుతుంది, గ్రహణం ఏర్పడుతుంది. సుద్దముక్కతో నల్లబల్లపై బొమ్మ గీయడానికే సగం పీరియడ్‌ గడిచిపోయే ఉపాధ్యాయుడికి ఇది గొప్ప ఊరట అనడంలో సందేహం లేదు.

ఐతే ఇక్కడే జాగ్రత్త అవసరం. ట్యాబ్‌లలో పాఠాలు సమకూర్చిన బైజూస్‌ సంస్థపై 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యాంశాల కోసం ఒకే సంస్థపై ఆధారపడితే ఎదురయ్యే ఇబ్బంది ఏమిటో ఈ పరిణామం తెలియజెప్పింది. అంతకన్నా ముఖ్యమైనది వినియోగ తీరు. ప్యానెల్‌పై వీడియో పెట్టి పిల్లలను చూడమంటే అది పెద్ద టీవీయే అవుతుంది. ఎడ్యుశాట్‌ కాలంలోని 51,221 కేంద్రాల జాబితాలోకి మన తరగతి గది కూడా చేరుతుంది.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

లండన్‌ మాధ్యమిక పాఠశాలల్లో ఇంటరాక్టివ్‌ వైట్‌బోర్డుల పథకాన్ని అక్కడి ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఎడ్యుకేషన్‌ అధ్యయనం చేసి 2007లో నివేదిక వెలువరించింది. బోర్డులు పెట్టిన తొలి ఏడాది విద్యార్థుల ఫలితాలు వాటివల్ల మెరుగుపడిన దాఖలా కనిపించలేదని తేల్చింది.

దీనికి భిన్నమైన ఫలితం అమెరికాలో కనిపించింది. భౌతికశాస్త్ర బోధనపై రిచర్డ్‌ హేక్‌ 1998లో ప్రచురించిన పరిశీలనలో 62 కోర్సులకు చెందిన 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చారు. కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో విద్యార్థులు తాము నేర్వవలసి ఉన్న దానిలో సగటున 23 శాతమే అదనంగా గ్రహించారు. ప్రశ్నించుకుంటూ, చర్చించుకుంటూ, చేసి చూస్తూ నేర్చుకున్న తరగతుల్లో ఇది 48 శాతం. రెండింతల తేడా తెచ్చింది బోధన పద్ధతి. పరికరం ఆ పద్ధతికి ఊతమిచ్చినపుడే దానికి విలువ.

హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో ఎరిక్‌ మజూర్‌ 1990వ దశకంలో ప్రచారంలోకి తెచ్చిన విధానం ఇందుకు చక్కని ఉదాహరణ. ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేసి నాలుగు జవాబులు ఇస్తాడు. ప్రతి విద్యార్థీ ముందు సొంతంగా ఒకటి ఎంచుకుంటాడు. తరువాత పక్కవారితో వాదించి, మళ్లీ ఎంచుకుంటాడు. ఆ పిదపే వివరణ.

మన తరగతి గదిలో ఇది ఇలా సాగవచ్చు. 'గాలి లేని చోట రాకెట్‌ ముందుకు ఎలా సాగుతుంది?' అని అడిగితే, వెలువడే వాయువులు నేలనో గాలినో నెట్టడం వల్లే రాకెట్‌ లేస్తుందని ఎక్కువ మంది పిల్లలు భావిస్తారు. పెద్దలలోనూ ఈ అపోహ ఉంది. రాకెట్‌ వాయువులను వెనక్కు నెడితే ఆ వాయువులే రాకెట్‌ను ముందుకు నెడతాయన్న న్యూటన్‌ మూడో సూత్రం అప్పటికే వారికి కంఠస్థమై ఉంటుంది. కానీ దానిని రాకెట్‌కు అన్వయించరు. ఎందరు తడబడ్డారో ప్యానెల్‌పై క్షణాల్లో తేలితే, ఉపాధ్యాయుడు పాఠాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టగలడు. దారంపై గాలిబుడగను పరుగెత్తించి చూపితే అపోహ తొలగుతుంది. తప్పు జవాబు బయటపడటమే ఇక్కడ అసలు ప్రయోజనం.

ఇందుకు ప్రతి విద్యార్థి చేతిలో పరికరం ఉండాల్సిన పని లేదు. జవాబును బట్టి పిల్లలు పైకెత్తే ముద్రిత కార్డులను ఉపాధ్యాయుడి సెల్‌ఫోన్‌ కెమెరాతో చదివే ఏర్పాటు అందుబాటులో ఉంది. నోబెల్‌ గ్రహీత కార్ల్‌ వీమన్‌ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన 'ఫెట్‌' అనుకరణ ప్రయోగాలు ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో పలు ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి.

పెరటి చెట్టును మరువరాదు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత శ్రీహరికోట పరిసర పాఠశాలల విషయంలో నిజం కాకూడదు. 2019 మార్చి 31న షార్‌లో ప్రయోగ వీక్షణ గ్యాలరీ ప్రారంభమైంది. ఐదు వేల మంది కూర్చుని ప్రయోగాన్ని తిలకించేలా దానిని నిర్మించారు. తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఇస్రో అదే ఏడాది 'యువిక' కార్యక్రమాన్ని ఆరంభించింది. ఇవి ఎంపికైన కొందరికి, వెళ్లగలిగిన కొందరికి అందే అవకాశాలు. పులికాట్‌ మత్స్యకార పల్లెల, యానాది కాలనీల పిల్లలకు రోజూ అందేది వారి తరగతి గది ఒక్కటే.

చేతికి పని దొరికితే ప్రభుత్వ పాఠశాల పిల్లలు ఏం చేయగలరో ఇదే శ్రీహరికోట చూసింది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు రూపకల్పనలో పాల్గొన్న ఆజాదీశాట్‌ 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమవడంతో కక్ష్యకు చేరలేదు. ఆ ప్రయత్నం అంతటితో ఆగలేదు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్‌-2 విజయవంతంగా కక్ష్యకు చేరింది. తప్పు జరిగితే కారణం వెతికి మళ్లీ ప్రయత్నించడమే విజ్ఞానశాస్త్రమని ఆ బాలికలు కళ్లారా చూశారు.

చేయవలసినవి

ఉపాధ్యాయులకు ప్యానెల్‌ను నడిపే శిక్షణతో పాటు, మంచి ప్రశ్న తయారుచేసే శిక్షణ ఇవ్వాలి. ఒక పాఠశాలలో రూపొందిన ప్రశ్నలు మండలంలోని మిగతా పాఠశాలలకూ చేరాలి. పాఠ్యాంశాలు ఏ ఒక్క ప్రైవేటు సంస్థ చేతిలోనో కాక ప్రభుత్వ అధీనంలో ఉండాలి. రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు ఇస్తున్నట్లే తెరపై పాఠం కూడా తెలుగులో అందాలి. ప్యానెల్‌ చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో పాఠశాల గోడపై రాసి ఉంచాలి. తనిఖీకి వచ్చే అధికారి ప్యానెల్‌ ఎన్ని గంటలు వెలిగిందని కాక, ఆ పీరియడ్‌లో ఎందరు పిల్లలు జవాబిచ్చారు, ఎందరు ప్రశ్న అడిగారన్నది నమోదు చేయాలి.

ఖర్చు చాలావరకు జరిగిపోయింది. ఇక పెట్టవలసింది ఉపాధ్యాయుడి సమయం, అధికారుల శ్రద్ధ. తదుపరి ప్రయోగం నాడు మేడపై నిలిచిన పిల్లవాడు వెలుగును చూసి చప్పట్లు కొట్టడంతో ఆగక, శబ్దం చేరేదాకా సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడితే, తరగతి గదిలోని తెర తన పని చేసినట్లే.