భర్తను చంపి పెరట్లో పాతిపెట్టింది.. అయినా జనం ఆమెవైపే! ఆ సీరియల్ మర్డర్ కేసులో అసలు దోషి ఎవరు?

వంటింట్లో కత్తిపోటు.. పెరట్లో శవం.. ఏడాదిన్నరకు పైగా బయటపడని రహస్యం. వినడానికి క్రైమ్ బులెటిన్‌లా ఉన్నా, ఇది ఒక టీవీ సీరియల్ కథ. బ్రిటన్‌లోని ఛానల్ 4లో వచ్చిన 'బ్రూక్‌సైడ్' అనే సీరియల్లో 1993లో జరిగిన హత్య ఇది. చంపింది మాండీ జోర్డాష్ అనే ఇల్లాలు. చనిపోయింది ఆమె భర్త ట్రెవర్. సీరియల్లోని కోర్టు ఆమెను హంతకురాలని తేల్చింది. చూసినవాళ్లలో చాలామంది మాత్రం ఒప్పుకోలేదు.

ఎప్పటిదో సీరియల్ గురించి ఇప్పుడెందుకంటే.. అది అడిగిన ప్రశ్న ఇంకా తేలలేదు కాబట్టి. ఏళ్ల తరబడి చిత్రహింసలు పెట్టిన భర్తను భార్య చంపేస్తే, చట్టం దాన్ని ఏమనాలి? ఇంగ్లండ్, వేల్స్‌లో హత్యకు సంబంధించిన చట్టాన్ని మొత్తంగా సమీక్షించే పనిని 2024 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం లా కమిషన్‌కు అప్పగించింది. గృహహింస బాధితులే నిందితులుగా నిలబడే కేసులు కూడా అందులో ఉన్నాయి.

అసలేం జరిగిందంటే..

1982 నవంబర్ 2న ఛానల్ 4 మొదలైన రోజే బ్రూక్‌సైడ్ కూడా మొదలైంది. లివర్‌పూల్‌లో స్టూడియో సెట్లు కాకుండా నిజం ఇళ్లు కొని మరీ తీసిన సీరియల్ ఇది. జోర్డాష్ కుటుంబం 1993లో ఈ కథలోకి వచ్చింది. భార్యను కొట్టిన కేసులో ట్రెవర్ జైలుకెళ్లాడు. అతను బయటికొచ్చే టైమ్‌కి మాండీ ఇద్దరు కూతుళ్లను తీసుకుని కొత్త ఇంటికి మారిపోయింది. అయినా అతను వెతుక్కుంటూ వచ్చేశాడు. మారిపోయానన్నాడు. ఇంట్లో చేరాక పాత కథే మళ్లీ మొదలైంది. పెద్ద కూతురు బెత్‌ను లైంగికంగా వేధించిన తండ్రి అతను. చిన్న కూతురికీ అదే గతి పడుతుందేమో అన్న భయం తల్లీకూతుళ్లను వెంటాడింది.

ఇద్దరూ కలిసి అతనికి విషం పెట్టాలనుకున్నారు. అది పారలేదు. అతను మీద పడ్డాడు. ఆ గొడవలో మాండీ వంటింటి కత్తితో పొడిచేసింది. తర్వాత సిన్‌బాద్ అనే స్నేహితుడి సాయంతో శవాన్ని పెరట్లో పూడ్చి, పైన రాళ్లు పరిచేశారు. 1995 జనవరిలో తవ్వకాల్లో అది బయటపడింది. అదే ఏడాది విచారణ జరిగింది. మాండీకి హత్య కేసులో యావజ్జీవం పడింది. కుట్ర కేసులో బెత్‌కు జైలు శిక్ష వేశారు.

మన సీరియళ్లలో విలన్ పాలగ్లాసులో ఎన్నిసార్లు విషం కలిపినా ఒక్క ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు కాదు. అందుకే ఒక సీరియల్ పోలీసులు, లాయర్లు, జ్యూరీ, అప్పీలు దాకా వెళ్లిందంటే మనకు కాస్త వింతగానే ఉంటుంది.

కత్తి ఒక లెక్క.. విషం మరో లెక్క

ఈ కేసును రెండు ముక్కలుగా చూడాలి. కత్తి దిగిన క్షణాన్ని మాత్రమే తీసుకుంటే మాండీ పరిస్థితి బలంగానే ఉంది. మీద పడి కొడుతున్న మనిషిని ఆపడానికి పొడిచింది. మన దగ్గరైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 38 ఇక్కడ పనికొస్తుంది. ప్రాణం పోతుందన్న భయం, తీవ్రంగా గాయపరుస్తారన్న భయం సహేతుకంగా ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేంత వరకు ఆత్మరక్షణ హక్కు ఉంటుంది.

కానీ విషం? అక్కడే కేసు అడ్డం తిరుగుతుంది. ముందే ప్లాన్ వేశారు, ఇద్దరు కలిసి వేశారు. ప్రాసిక్యూషన్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఆపై శవాన్ని దాచారు. ఆత్మరక్షణే అయితే పోలీసులకు ఫోన్ చేయకుండా రాళ్లెందుకు పరిచారన్న ప్రశ్న ఏ కోర్టులోనైనా వస్తుంది. శవాన్ని మాయం చేయడం మన చట్టంలోనూ విడిగా నేరమే. సెక్షన్ 238 కింద సిన్‌బాద్ లాంటి వాళ్లు కూడా ఇరుక్కుంటారు. కాబట్టి కోర్టు తీర్పు చట్టం లెక్కలో అర్థంలేనిదేమీ కాదు.

మరి జనం ఎందుకు ఒప్పుకోలేదు? కోర్టు ఆ ఒక్క రోజునే చూసింది. ప్రేక్షకులు అంతకుముందు వారాలన్నీ చూశారు. ట్రెవర్ మెట్లెక్కే చప్పుడు వస్తే ఆ ఇంట్లో ఆడవాళ్ల మొహాలు ఎలా మారిపోయేవో చూశారు. ప్లాన్ వేయడం పగకు గుర్తు అంటుంది చట్టం. బలం లేనివాళ్లకు అది భయానికి గుర్తు కావచ్చు. మనిషి నిద్రపోయేదాకా, ఏమరుపాటుగా ఉండేదాకా ఆగడం తప్ప వాళ్లకు మరో దారి ఉండదు. ఎదురుగా నిలబడి అప్పటికప్పుడు చేయి చేసుకోవడం బలవంతుడికే వీలవుతుంది. 'ఆవేశంలో చంపేశా' అనే డిఫెన్స్ కూడా ఎక్కువగా అలాంటివాళ్లకే కలిసొచ్చింది.

పంజాబీ కోడలి కేసు

సీరియల్ కథకు ముందే అసలు కథ జరిగిపోయింది. పంజాబ్ నుంచి పెళ్లి చేసుకుని ఇంగ్లండ్ వెళ్లిన కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్లు భర్త చేతిలో దెబ్బలు తింది. 1989 మేలో ఒక రాత్రి అతను నిద్రపోతుండగా పెట్రోల్ పోసి నిప్పంటించింది. తర్వాత అతను చనిపోయాడు. కోర్టు యావజ్జీవం వేసింది. 1992లో కేసు అప్పీల్ కోర్టుకు వచ్చింది. అప్పట్లో అక్కడి రూల్ ఏంటంటే, కవ్వింపు వల్ల నిగ్రహం 'అకస్మాత్తుగా' కోల్పోయి ఉండాలి. ఆ వాదన నిలబడలేదు. చివరికి ఆమె మానసిక స్థితి ఆధారంగా మళ్లీ విచారణకు పంపారు. శిక్షార్హమైన నరహత్యగా ఒప్పుకోవడంతో, అప్పటికే అనుభవించిన జైలు కాలంతో ఆమె బయటపడింది. ఐశ్వర్యా రాయ్ నటించిన 'ప్రొవోక్డ్' ఈమె కథే.

అకస్మాత్తుగా అన్న ఆ ఒక్క మాటను తీసేయడానికి బ్రిటన్‌కు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2009 నాటి చట్టం ఆ షరతును ఎత్తేసింది. 2010 అక్టోబర్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అయినా చిక్కు పూర్తిగా విడిపోలేదు. భర్తను సుత్తితో కొట్టి చంపిన శాలీ చాలెన్‌కు 2011లో హత్య కేసులోనే శిక్ష పడింది. దశాబ్దాల పాటు ఆమెను భర్త అదుపులో పెట్టుకున్న తీరు 2019లో కోర్టు ముందుకొచ్చాకే ఆ శిక్ష రద్దయింది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

'తీవ్రమైన, ఆకస్మిక కవ్వింపు' అనే మాట ఐపీసీ 300లో ఉండేది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ నంబర్ 101గా మారింది. మాట మాత్రం మారలేదు. దీని మీద అందరికీ గుర్తున్న కేసు నానావతిదే. అక్షయ్ కుమార్ 'రుస్తుం' సినిమాకు మూలం అది. ఆ నేవీ అధికారి మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇంటి నుంచి బయల్దేరాడు. షిప్‌కు వెళ్లి రివాల్వర్ తీసుకున్నాడు. సాయంత్రం 4.20కి భార్య ప్రియుణ్ని కాల్చాడు. దాదాపు మూడు గంటల గ్యాప్ ఉంది కాబట్టి చల్లబడటానికి టైమ్ దొరికినట్టేనని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. నానావతి విషయంలో ఆ లెక్క సబబుగానే అనిపిస్తుంది. కొట్టే మనిషితో ఒకే కప్పు కింద బతికే ఆడమనిషికి కూడా అదే గడియారం పెడితే ఎలా? గంటలు గడిచేకొద్దీ ఆమెలో భయం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఈ తేడాను మన కోర్టులు అసలు గుర్తించలేదని అనలేం. జరిగిన పాత సంఘటనలు కలిగించిన మానసిక స్థితిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని నానావతి తీర్పులోనే ఉంది. పిల్లలతో బావిలో దూకి, తాను మాత్రం బతికిపోయిన ఒక తల్లి కేసులో 1989లో మద్రాస్ హైకోర్టు మరో అడుగు వేసింది. ఎక్కువకాలం కొనసాగిన కవ్వింపును కూడా ఈ మినహాయింపు కిందే చూడొచ్చని చెప్పింది. అయితే ఇది జడ్జీలు ఇచ్చిన వ్యాఖ్యానం. సెక్షన్‌లోకి మాత్రం ఎక్కలేదు. ప్రతి కేసులోనూ లాయర్ దీన్ని మొదటి నుంచి వాదించుకోవాల్సిందే.

మరి బెత్ చావుకు ఎవరు బాధ్యులు?

ఈ కథలో రెండో చావు గురించి అంతగా మాట్లాడుకోరు. అప్పీల్ విచారణకు ముందే బెత్ జైలు గదిలో చనిపోయింది. గుండె జబ్బు అని కథలో చెప్పారు. తర్వాత మాండీ అప్పీల్‌లో విడుదలైంది. ఇంగ్లండ్, వేల్స్‌లో జైల్లో ఎవరు చనిపోయినా కరోనర్ విచారణ తప్పనిసరి. మన దగ్గరైతే కస్టడీ మరణంపై మెజిస్ట్రేట్ విచారణ జరగాలి, మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలి.

తెర వెనక కారణం మాత్రం వేరే. బెత్‌గా చేసిన అన్నా ఫ్రియెల్ సీరియల్ నుంచి తప్పుకుంది. పాత్రకు ఏదో ఒక ముగింపు ఇవ్వాలి. తండ్రి వేధింపులు, జైలు, ఆపైన చావు.. అన్నీ ఆ అమ్మాయి మీదే పడ్డాయి. బాధితురాలు గెలిచి బయటికి నడిచొచ్చే సీన్ కోసం ఎదురుచూసినవాళ్లకు అది దక్కలేదు. దీనికి ఏ సెక్షనూ వర్తించదు. కానీ గృహహింస గురించి అంత ధైర్యంగా చెప్పిన టీమ్, కోర్టు నుంచి తల్లి పక్కనే బెత్‌ను కూడా బయటికి పంపించి ఆ తర్వాత ఏ ఊరికో వెళ్లిపోయిందని రాయొచ్చు. వాళ్లు అలా రాయలేదు.