మాజీ సైనికుని వైద్యము: యాప్రాల్ నుండి మాధవరము దాక

సికిందరాబాదునకు ఉత్తరమున, బొల్లారమునకు చేరువలోనున్న యాప్రాల్ వీధులలో, నామఫలకములపై కర్నల్ అనియో సుబేదారు మేజరు అనియో పేరునకు ముందు చెక్కియున్న యిండ్లు తరచుగా కానవచ్చుటకు కారణము వెదుకనక్కరలేదు. తిరుమలగిరి సైనిక ఆసుపత్రి దాపుననే యున్నది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులును అందుబాటులో నున్నవి. మోకాళ్ళరిగి, రక్తపోటు ముదిరిన వయస్సున మనుష్యుడు ముందుగా కోరునది వైద్యుని సామీప్యమునే. అయితే నగరమున స్థలము కొని యిల్లు కట్టుకొనగలిగిన పింఛనుదారునికే ఆ సామీప్యము దక్కుచున్నది.

రెండు ప్రపంచయుద్ధములకు బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరము’ అని పేరొందిన తాడేపల్లిగూడెము ప్రాంతపు గ్రామమునకో, శ్రీకాకుళపు మారుమూల పల్లెకో తిరిగిపోయిన హవల్దారు మాట వేరు. కేంద్రప్రభుత్వ పౌరోద్యోగులకు 1954లోనే ఆరోగ్యపథకము మొదలుకాగా, మాజీ సైనికులకు అట్టి సమగ్రపథకము, అనగా నేడు అందరును ఇ.సి.హెచ్.ఎస్. అని పిలుచునది, 2003 ఏప్రిల్ 1న గాని అమలునకు రాలేదు. ఆలస్యముగానైనను వచ్చిన యీ పథకము లక్షలాది కుటుంబములను అప్పులనుండి కాపాడినదనుట నిస్సంశయము. అయినను ఈ పథకపు పాలీక్లినిక్కు బస్సు ప్రయాణమంత దూరముననున్న వితంతువు, కార్డును పాతచీటీలను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరి, టోకెను తీసికొని, మధ్యాహ్నమునకు కౌంటరు చేరిన పిమ్మట, చక్కెరవ్యాధి మాత్రలలో ఒకటి స్టాకు లేదని తెలిసినచో, దానిని బయట కొని, రసీదులు జతపరచి, ఆ సొమ్ము తిరిగివచ్చువరకు ఎదురుచూడవలెను. యాప్రాల్ నివాసికిది ఒక పూట విసుగు. ఆమెకు రెండు దినముల కూలి.

హోదా విషయమున మరియొక చిక్కు కలదు. చేరిక చందా సిపాయికి తక్కువగను, అధికారికి ఎక్కువగను ఉండుట న్యాయమే. సంపాదననుబట్టి చెల్లింపు ఉండవలసినదే. కాని ఆసుపత్రిలో అధికారికి ప్రత్యేకగదియు, సుబేదారునకు సెమీప్రైవేటు గదియు, హవల్దారు వరకు గలవారికి జనరల్ వార్డును నిర్ణయించుట నాకు సమ్మతము కాదు. సియాచిన్ మంచు హోదా నెరిగి కొరుకదు. శస్త్రచికిత్స యైన దేహమునకు నిద్ర అందరికిని సమానముగా కావలయును.

ఇక పథకమున కసలే వెలుపలనున్నవారు గలరు. స్వల్పకాలిక కమిషను అధికారులును, రెండవ ప్రపంచయుద్ధపు యోధులును 2019 వరకు వేచియుండవలసివచ్చినది. 2022లో ఆరంభమైన అగ్నిపథ్ నియమములనుబట్టి, నాలుగేండ్ల సేవానంతరము వెడలిపోవు అగ్నివీరునకు పింఛనును లేదు, ఈ వైద్యపథకమును లేదు. సేవాకాలమున సోకిన వ్యాధి పదేండ్లకు బయటపడినచో అతడెవరి తలుపు తట్టవలెను?

జిల్లా ప్రభుత్వాసుపత్రులలో మాజీ సైనికులకు ప్రత్యేక కౌంటరు నేర్పరచి, దీర్ఘవ్యాధుల మందులు అచ్చటనే యిప్పించుటకు రెండు తెలుగు రాష్ట్రప్రభుత్వములును రక్షణశాఖతో ఒప్పందము కుదుర్చుకొనవచ్చును. అట్లే, పథకము క్రింద చికిత్స చేయు ప్రైవేటు ఆసుపత్రులకు చెల్లింపులు సకాలమున జరుగనిదే గుర్తింపు పత్రము వలన రోగికి ప్రయోజనము లేదు. మన పార్లమెంటు సభ్యులు ఈ రెండు విషయములతోపాటు అగ్నివీరుల వైద్యమును గూడ రానున్న సమావేశములలోనే ప్రస్తావించి, రక్షణమంత్రినుండి లిఖితపూర్వకమగు సమాధానమును రాబట్టవలెనని కోరుచున్నాను.