కజిన్ అంటే ఎవరి కొడుకు?

షోలాపూర్‌లో మగ్గాన్ని నమ్ముకుని స్థిరపడిన తెలుగు పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పిల్లల బళ్లో ఇంగ్లిషు. అలాంటి ఒక ఇంట్లో ఓ పిల్ల హోంవర్కు చేసుకుంటోందనుకుందాం. ఇంగ్లిషు మాటలకు మరాఠీ అర్థాలు రాయాలి. టేబుల్, విండో, రివర్... చకచకా అయిపోయాయి. తర్వాతి మాట 'కజిన్'. పెన్ను ఆగింది. ఏ కజిన్?

ఆ తడబాటు పిల్లది కాదు, మాటది. కజిన్‌కు మూలం లాటిన్‌లోని కన్సోబ్రినుస్. మొదట్లో దానర్థం అమ్మ తోడబుట్టిన అక్కచెల్లెళ్ల సంతానం. అంటే ఆ మాటకూ ఒకప్పుడు వరుస తెలుసు! ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చేసరికి ఆ పట్టింపు పోయింది. దగ్గరి చుట్టమైతే చాలు, కజినే. షేక్‌స్పియర్ నాటకంలో రాజు క్లాడియస్ తన అన్న కొడుకు హామ్లెట్‌ను కజిన్ అనే పిలుస్తాడు. రాజులు పెద్దపెద్ద ప్రభువులకు రాసే ఉత్తరాల్లోనూ కజిన్ అనే సంబోధించేవారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. ఇప్పటి అర్థం తెలిసిందే. అమ్మ వైపైనా నాన్న వైపైనా, ఆడైనా మగైనా అందరికీ ఒకటే మాట.

మరాఠీ అలా ఊరుకోదు. నాన్న అన్నదమ్ముల కొడుకు చులత్‌భావూ. చులతా అంటే నాన్న తోబుట్టువు, మనుషులు నోరారా పిలిచేది మాత్రం కాకా అని. మేనమామ కొడుకు మామేభావూ. మేనత్తను ఆత్యా అంటారు కనుక ఆమె కొడుకు ఆతేభావూ. అమ్మ అక్కచెల్లెలు మావశీ, ఆమె కొడుకు మావస్‌భావూ. ఆడపిల్లలైతే భావూ తీసేసి బహీణ్ చేర్చడమే. అక్కడికి ఎనిమిది మాటలు. ఒక్క కజిన్‌కు ఇన్ని!

ఇక్కడే తెలుగు చెవికి ఒక చిక్కుంది. భావూ అంటే బావ కాదు, అన్నో తమ్ముడో. మరాఠీ లెక్కలో నాలుగు దారుల్లో వచ్చినవాళ్లందరూ పేరుకు అన్నదమ్ములే. తెలుగులో పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నాతమ్ముళ్లూ అక్కాచెల్లెళ్లూ అయితే, మేనమామ, మేనత్త పిల్లలు బావలూ మరదళ్లూ అవుతారు. మాటే చెప్పేస్తుంది, ఎవరితో పరాచికాలాడొచ్చో, ఎవరితో కూడదో. అయితే తెలుగు వదిలేసే సంగతీ ఒకటుంది. 'మా అన్నయ్య' అంటే బాబాయి కొడుకో పిన్ని కొడుకో తెలియదు. మరాఠీలో ఆ అనుమానమే రాదు.

పేరుకు అన్నాచెల్లెళ్లయితే పెళ్లి సంగతేమిటి? పుణేలో దక్కన్ కాలేజీలో పనిచేసిన ఇరావతీ కర్వే భారతదేశంలోని బంధుత్వ వ్యవస్థల మీద 1953లో పెద్ద పుస్తకమే తెచ్చారు. ఉత్తరాదికీ దక్షిణాదికీ నడుమ నిలిచిన సీమగా మహారాష్ట్రను ఆమె చూపించారు. అక్కడ చాలా కులాల్లో మేనమామ కూతుర్ని చేసుకోవడం ఆచారం, మేనత్త కూతురు మాత్రం సాధారణంగా కూడదు. తెలుగువారి మేనరికంలో రెండూ చెల్లుతాయి. మాట ఉత్తరాదిది, మనువు దక్షిణాదిది అన్నమాట! పాతకాలపు మరాఠీ కోడళ్లు మామగారిని 'మామంజీ' అని పిలవడం వింటే ఏ తెలుగు కోడలికైనా సొంతింట్లో ఉన్నట్టే ఉంటుంది.

కథలూ కలిసే వస్తాయి. 1957 నాటి 'మాయాబజార్'లో అభిమన్యుడు మనువాడిన శశిరేఖ అతని మేనమామ బలరాముడి కూతురు. ఆమే మరాఠీ వారికి సురేఖ, వత్సల కూడా. బాబూరావ్ పెయింటర్ 1921లోనే 'సురేఖా హరణ్' మూకీ తీశారు. ఈ కథను ఇంగ్లిషులో చెప్పబోతే ఇద్దరూ కజిన్లు అనాలి. విన్న తెల్లవాడు వాళ్లను ఏమనుకుంటాడో అతనిష్టం!

చట్టానికి అలా అతనిష్టానికి వదిలేసే వీల్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇంగ్లిషులోనే రాశారు. పెళ్లికి పనికిరాని వరుసలు మగవారికి 37, ఆడవారికి 37 అంటూ జాబితా ఇచ్చారు. మగవారి పట్టికలో చివరి నాలుగూ నాన్న సోదరుడి కూతురు, నాన్న సోదరి కూతురు, అమ్మ సోదరి కూతురు, అమ్మ సోదరుడి కూతురు. కజిన్ అని ఒక్క మాటలో తేల్చలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమూ అంతే. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అని విడివిడిగా చెప్పి, వధూవరులిద్దరి ఆచారమూ ఒప్పుకుంటే మాత్రం పెళ్లి చెల్లుతుందని వెసులుబాటిచ్చింది. ఆ ఆచారం మేనమామ కూతురికి ఉండి చిన్నాన్న కూతురికి లేకపోవచ్చు. కాబట్టి పెళ్లి నమోదు కాగితాల మీద వట్టి కజిన్ అని రాస్తే సగమే చెప్పినట్టు. మేనరికం వద్దని డాక్టర్లు చెప్పేది వేరే సంగతి, అక్కడా వాళ్లు ముందు అడిగేది ఏ వరుస అనే.

'కజిన్ బ్రదర్', 'కజిన్ సిస్టర్' అంటే ఇంగ్లిషు మాస్టార్లు ఎర్ర సిరా పూస్తారు. పూయనివ్వండి. చులత్‌భావూలోని భావూను ఇంగ్లిషులోకి మోసుకెళ్లిన మాట అది. ఆడో మగో తెలిసింది, అంతవరకు నయం. మనవాళ్లు బావను పరిచయం చేయడానికి సిగ్గుపడి 'మా కజిన్' అనేస్తున్నారు, అదే చిత్రం.

ఇక షోలాపూర్ పిల్ల నోటుబుక్కులో నాలుగూ రాసుకోవడమే మంచిది, మార్కు ఒక్కటే అయినా. పక్కనే వాళ్ల నానమ్మ ఉంటే ఒక సామెత కూడా చెబుతుంది. అత్తకు మీసాలుంటే మామ అయ్యేది అంటాం మనం. మరాఠీలో ఆత్యాబాయికి మీసాలుంటే ఆమెను కాకా అనేవాళ్లమంటారు.